మౌంటెన్ బైక్ డిస్క్ బ్రేకులు: నమ్మదగినవి చూసి ఎంచుకోవడం ఎలా

బ్రేకు కొనేవాళ్లలో చాలామంది మొదట అడిగేది "ఎంత గట్టిగా పడుతుంది?" అని. పేరున్న కంపెనీ చేసిన హైడ్రాలిక్ (కేబుల్‌కు బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) బ్రేకు ఏదైనా, సరిగా బిగిస్తే, ఒక్క వేలితో చక్రాన్ని ఆపేస్తుంది. కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి. రెండు వానాకాలాలు గడిచాక, పొడవాటి ఘాట్ రోడ్డు దిగుతూ చివరి మలుపుకు వచ్చాక కూడా లివర్ (చేత్తో నొక్కే పిడి) మొదటి మలుపులో ఉన్నంత గట్టిగా ఉందా? చూడాల్సింది అది. దానితోపాటు, అరిగిన ప్యాడ్లకు బదులు కొత్తవి మీ ఊరికి ఎన్నాళ్లకు వస్తాయి, లోపల పోసే ఆయిల్ ఎక్కడ దొరుకుతుంది, పాడైతే విప్పి బాగుచేసే మనిషి దగ్గర్లో ఉన్నాడా అన్నవీ చూడాలి. ఖరీదైన బ్రేకు ప్యాడ్లు దొరక్క మూలపడి ఉండి, చవకది రోజూ కొండ ఎక్కి దిగుతోందంటే, నమ్మదగినది ఆ చవకదే.

ముందు మీ సైకిల్‌కు ఏది బిగుస్తుందో చూడండి

మోడళ్ల వేటకు ముందు సైకిల్ పక్కన కూర్చోండి. ఫోర్కు ఎడమ కాలి మీద, ఫ్రేమ్ వెనక ఎడమ మూలలో రోటర్‌ను (చక్రంతోపాటు తిరిగే స్టీలు పళ్లాన్ని) ప్యాడ్లతో నొక్కే క్యాలిపర్‌ను బిగించే చెవులు ఉంటాయి. బోల్టులు చక్రం తిరిగే దిశలోనే నేరుగా ఫ్రేమ్‌లోకి దిగేలా ఉండి, రెండు రంధ్రాల మధ్య 74 మి.మీ. ఉంటే అది పోస్ట్ మౌంట్. బోల్టులు పక్కనుంచి, ఇరుసుకు సమాంతరంగా దూరేలా ఉండి, మధ్య దూరం 51 మి.మీ. ఉంటే అది ఐఎస్ మౌంట్. ఇప్పుడొచ్చే మౌంటెన్ బైక్ క్యాలిపర్లు దాదాపు అన్నీ పోస్ట్ మౌంట్‌వే కాబట్టి ఐఎస్ ఫ్రేమ్‌కు అడాప్టర్ తప్పనిసరి. అడాప్టర్ అడిగేటప్పుడు మౌంట్ రకం, ముందా వెనకా, రోటర్ సైజు ఎంత అనే మూడూ చెప్పాలి. ఏ ఒక్కటి తప్పినా ప్యాడ్లు రోటర్ అంచు దాటి బయట వేలాడతాయి, లేదా రోటర్ క్యాలిపర్‌కు తగులుతుంది. అడాప్టర్ దొరకలేదని వాషర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఎత్తు సరిచేసే పని మెకానిక్ చేయబోతే ఆపండి.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని ఫోర్కులు 160 మి.మీ. రోటర్‌కు నేరుగా సరిపోతాయి, కొన్ని 180కి నేరుగా సరిపోతాయి. 180 ఫోర్కుకు 160 రోటర్ ఏ అడాప్టర్‌తోనూ పడదు, ఎందుకంటే అడాప్టర్ క్యాలిపర్‌ను బయటికి జరుపుతుందే గాని లోపలికి జరపలేదు. అలాగే ప్రతి ఫోర్కుకూ, ప్రతి ఫ్రేమ్‌కూ గరిష్ఠ రోటర్ సైజు ఉంటుంది. అది దాటితే బ్రేకు వేసిన ప్రతిసారీ ఫోర్కు కాలి మీద రూపకర్త లెక్కలో లేని బలం పడుతుంది.

చెవులే లేని పాత వి-బ్రేకు (రిమ్ముకు రబ్బరు నొక్కే రకం) ఫ్రేమ్ అయితే డిస్క్ ఆలోచన మానుకోండి. వెల్డింగ్ చేసి చెవులు పెట్టిస్తామనేవాళ్లు ఉంటారు. అల్యూమినియం ఫ్రేమ్‌కు వెల్డింగ్ వేడి తగిలిన చోట, ఫ్యాక్టరీలో హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చిన గట్టిదనం పోతుంది. డిస్క్ బ్రేకు బలమంతా సరిగ్గా ఆ చోటే పడుతుంది.

తర్వాత హబ్, అంటే చక్రం మధ్య భాగం. రోటర్ ఆరు చిన్న బోల్టులతో ఉంటే సిక్స్ బోల్ట్, మధ్యలో పళ్ల మీద కూర్చుని ఒక్క రింగుతో బిగిస్తే సెంటర్ లాక్. సెంటర్ లాక్ హబ్‌కు అడాప్టర్ వేసి సిక్స్ బోల్ట్ రోటర్ పెట్టొచ్చు. సిక్స్ బోల్ట్ హబ్‌కు సెంటర్ లాక్ రోటర్ మాత్రం పట్టదు.

చివరిగా హ్యాండిల్ మీద చూడండి. మన దగ్గర అమ్ముడయ్యే తక్కువ ధర సైకిళ్లలో గేర్ షిఫ్టర్, బ్రేక్ లివర్ ఒకే ముక్కగా వస్తాయి. అలాంటి సైకిల్‌కు హైడ్రాలిక్ పెట్టాలంటే లివర్‌తోపాటు షిఫ్టర్లూ విడిగా కొనాలి. బ్రేకు సెట్ ధర మాత్రమే లెక్కేసుకుని షాపుకు వెళ్లినవాళ్లకు బిల్లు అక్కడే పెరుగుతుంది.

కేబులా, హైడ్రాలికా

మెకానికల్ డిస్క్‌లో లివర్ కేబుల్‌ను లాగుతుంది, కేబుల్ క్యాలిపర్ మీది చేతిని తిప్పుతుంది, ప్యాడ్ రోటర్‌కు అంటుకుంటుంది. చవక రకాల్లో ఒక్క వైపు ప్యాడే కదులుతుంది, అది రోటర్‌ను కొద్దిగా వంచి అవతలి ప్యాడ్‌కు నొక్కుతుంది. ఇందులో కదలని ప్యాడ్‌ను రోటర్‌కు దాదాపు తగిలీ తగలనట్టు, 0.2 నుంచి 0.3 మి.మీ. ఎడంలో పెట్టాలి. చాలా సైకిళ్లలో ఆ ఎడం ఒక మి.మీ. దాటి ఉంటుంది. "మెకానికల్ డిస్క్ పట్టదు" అనే ఫిర్యాదులకు సగం కారణం ఇదే.

మిగతా సగానికి కారణం ఇంకోటి. ప్యాడ్లు అరిగినప్పుడు సులువని కేబుల్‌ను లాగి బిగిస్తారు. దాంతో క్యాలిపర్ చెయ్యి సగం తిరిగిన చోటనుంచి మొదలవుతుంది, బలం తగ్గుతుంది, చివరికి ఆ చెయ్యి ఆఖరి హద్దుకు తగిలి ఇక కదలదు. లివర్ గట్టిగానే అనిపిస్తుంది కానీ ప్యాడ్ మాత్రం రోటర్‌ను నొక్కదు. అరుగుదలను ప్యాడ్ వైపు ఉన్న స్క్రూ లేదా నాబ్‌తోనే సరిచేయాలి, కేబుల్‌తో చేయకూడదు. అవిడ్ బీబీ7కి ఈ నాబ్‌లు రెండు వైపులా ఉంటాయి, చేత్తోనే తిప్పొచ్చు. టీఆర్‌పీ స్పైక్‌లో రెండు ప్యాడ్లూ ఒకేసారి కదులుతాయి. మెకానికలే కావాలంటే ఈ రెండింటిలో ఒకటి తీసుకోండి. మామూలు బ్రేక్ కేబుల్ హౌసింగ్ (కేబుల్ దూరే గొట్టం) నొక్కినప్పుడు స్ప్రింగులా కుదించుకుంటుంది కాబట్టి, కుదించుకోని రకం హౌసింగ్ వేయిస్తే లివర్ తేడా వెంటనే చేతికి తెలుస్తుంది. ఒక జాగ్రత్త: ఈ క్యాలిపర్లు రోడ్ సైకిల్ లివర్లకు ఒక రకం, వి-బ్రేకు తరహా ఫ్లాట్ హ్యాండిల్ లివర్లకు ఇంకో రకం వస్తాయి. రెండూ ఒక లాగుడులో కేబుల్‌ను ఒకే దూరం లాగవు. మౌంటెన్ బైక్‌కు రెండో రకం కావాలి.

ఊళ్లు దాటుకుంటూ వారాల తరబడి తిరిగేవాళ్లకు మెకానికల్ మంచిదే. తెగిన కేబుల్‌ను ఏ పల్లెలోనైనా మార్చుకోవచ్చు. మిగతా అందరికీ నా సలహా హైడ్రాలిక్. ప్యాడ్ అరిగిన కొద్దీ దాన్ని నెట్టే పిస్టన్ తనంతట తాను ముందుకు జరుగుతుంది, రెండు వైపులా సమానంగా నొక్కుతుంది, దుమ్మూ బురదా దూరడానికి కేబుల్ హౌసింగ్ ఉండదు. బాగా బిగించిన హైడ్రాలిక్ బ్రేకు ఏడాదంతా ఎవరి చెయ్యీ కోరదు.

ఏ ఆయిల్ పోస్తారో తెలుసుకోకుండా కొనకండి

హైడ్రాలిక్ బ్రేకుల్లో రెండు కులాలు: మినరల్ ఆయిల్‌వి, డాట్ ఫ్లూయిడ్‌వి. షిమానో, టెక్ట్రో, టీఆర్‌పీ, మాగురా బ్రేకుల్లో మినరల్ ఆయిల్. హోప్‌లో, హేస్ డొమినియన్‌లో, శ్రామ్ కోడ్, జీ2, లెవెల్‌లలో డాట్ 5.1. అదే శ్రామ్ చేసిన డీబీ8, మేవెన్‌లలో మాత్రం మినరల్ ఆయిల్. అందుకే కంపెనీ పేరు చూసి ఊహించకుండా లివర్ మీద ముద్రించింది చదవండి. మినరల్ బ్రేకులో డాట్ పోసినా, డాట్ బ్రేకులో మినరల్ పోసినా లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి. కడిగి మళ్లీ నింపితే బాగుపడే రకం నష్టం కాదది, సాధారణంగా బ్రేకు మొత్తం మార్చాల్సిందే. సైకిల్ షాపులో బండి మెకానిక్ అలవాటుగా చేతికొచ్చిన డాట్ 4 పోసేయడం మనవైపు జరగగల పొరపాటు. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఏ ఆయిలో నోటితో చెప్పండి, వీలైతే సీసా మీరే ఇవ్వండి.

డాట్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 180కి పడిపోవచ్చు. డాట్ 4కైతే ఇవి 230, 155. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల తేమలో ఏడాదికోసారి ఫ్లూయిడ్ మార్చడం మానకూడదు. చిన్న సీసానే కొనండి, మూత తీసి నెలలు గడిచింది వాడకండి. ఒంటికి, పెయింట్‌కు తగిలితే వెంటనే నీళ్లతో కడగాలి, పెయింట్‌ను తినేస్తుంది. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 మాత్రం ఎప్పుడూ కొనొద్దు. అది సిలికాన్, డాట్ 4, 5.1లతో సంబంధం లేని పదార్థం.

మినరల్ ఆయిల్ తేమను పీల్చుకోదు, పెయింట్‌ను పాడుచేయదు, ఏళ్ల తరబడి చెడదు. అయితే ఎలాగో లోపలికి చేరిన నీళ్లు అందులో కలవవు. బరువుకు కిందికి దిగి క్యాలిపర్‌లో చేరతాయి. బ్రేకులో అన్నిటికన్నా వేడెక్కేది అక్కడే, నీళ్లు మరిగేది 100 డిగ్రీలకే. అందుకని మినరల్ బ్రేకుకు కూడా రెండేళ్లకోసారైనా పాత ఆయిల్ తీసి కొత్తది నింపాలి. షిమానో ఆయిల్ ఎర్రగా, మాగురాది నీలంగా ఉంటుంది. బయటికి వచ్చింది బూడిద రంగులో ఉంటే ఆలస్యం చేశారని అర్థం. బేబీ ఆయిల్, ఇంజన్ ఆయిల్ పోసినా పనిచేస్తుందని చెప్పేవాళ్ల మాట వినకండి. సీళ్ల రబ్బరు ఏ ఆయిల్ కోసం చేశారో అదే పోయాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఉండి సైకిల్ సామాను ఆన్‌లైన్‌లో తెప్పించుకునే మనిషికి మినరల్ ఆయిల్ బ్రేకే సుఖం. చేతులు కాలవు, సీసా ఏళ్లు నిలుస్తుంది. బాగా నమ్మకంగా డాట్ బ్రేకుకు వెళ్లాల్సింది సీల్ కిట్లు తెప్పించుకుని స్వయంగా విప్పి బిగించగలవాళ్లే. ఆ పనికి హోప్ లాంటి బ్రేకు బాగుంటుంది, పాత మోడళ్లకూ చిన్న చిన్న భాగాలు అమ్ముతారు. షిమానో క్యాలిపర్‌కు సీళ్లు విడిగా అమ్మరు, కారితే క్యాలిపర్ మొత్తం మార్చడమే.

రోటర్ సైజు: అసలు శత్రువు వేడి

సైకిల్, మనిషి, సంచి కలిపి 90 కిలోలనుకుందాం. 500 మీటర్ల ఎత్తునుంచి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 440 కిలోజౌళ్లు. గాలి కొంత తీసుకెళ్లినా, నెమ్మదిగా దిగేవాడి విషయంలో ఎక్కువ భాగం రెండు పల్చటి స్టీలు పళ్లాల్లోకే వేడిగా పోతుంది. గది వేడిమిలో ఉన్న లీటరున్నర నీళ్లను మరిగించడానికి సరిపోయే వేడి అది. అరకు ఘాట్‌లోనో, హార్స్‌లీ కొండల మీదనుంచో దిగేవాళ్లు బ్రేకు ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది రోటర్‌నే.

160 నుంచి 180 మి.మీ. రోటర్‌కు మారితే అంతే చేతి బలానికి దాదాపు 12 శాతం ఎక్కువ బ్రేకు దొరుకుతుంది, 203కి మారితే దాదాపు 27 శాతం. దాన్ని మించిన లాభం, పెద్ద రోటర్ ఎక్కువ వేడిని మోస్తుంది, త్వరగా చల్లారుతుంది. నాలుగు పిస్టన్ల క్యాలిపర్ కొనే డబ్బు లేకపోతే, ఉన్న రెండు పిస్టన్ల బ్రేకుకే ముందు 180 రోటర్, అడాప్టర్ వేయించండి. ఈ క్రీడలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా తెచ్చే మార్పు అది. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే కాబట్టి పెద్దది ముందుకే.

రోటర్ మీద సన్న అక్షరాల్లో కనీస మందం ముద్రించి ఉంటుంది, చదవండి. షిమానోవి కొత్తలో 1.8 మి.మీ., 1.5కి తగ్గితే మార్చాలి. మాగురావి కొత్తలో 2.0, హద్దు 1.8. అంటే ఒక కంపెనీకి కొత్త రోటర్ మందం, ఇంకో కంపెనీకి పారేసే మందం. ఈ తేడావల్లే ఒక కంపెనీ క్యాలిపర్‌లో ఇంకో కంపెనీ మందపు రోటర్ పెడితే కొత్త ప్యాడ్లతో రాసుకుంటుంది. వీలైనంతవరకు రెండూ ఒకే కంపెనీవి తీసుకోండి.

చవక రోటర్ల మీద "రెసిన్ ప్యాడ్ ఓన్లీ" అని రాసి ఉంటుంది. వాటి స్టీలు మెత్తన. మెటల్ ప్యాడ్లు వేస్తే కొద్ది నెలల్లో గాడి పడుతుంది.

ప్యాడ్లు

రెసిన్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడే పట్టేస్తాయి, శబ్దం తక్కువ, రోటర్‌ను కాపాడతాయి. పొడవాటి దిగుడులో బాగా వేడెక్కితే పట్టు సడలుతుంది, పైపొర గాజులా నున్నబడుతుంది. తడి మట్టిలో, ముఖ్యంగా ఇసుక కలిసిన ఎర్రమట్టిలో, ఒక్క వాన రోజులోనే సగానికి అరగవచ్చు. మెటల్ ప్యాడ్లు వేడిని, బురదను తట్టుకుంటాయి, ఎక్కువకాలం మన్నుతాయి. అయితే మొదటి లాగుడులో కొంచెం మొండిగా ఉంటాయి, కూస్తాయి, వేడిని పిస్టన్ వైపు, ఆయిల్ వైపు ఎక్కువ పంపుతాయి. ఎండాకాలం ఊరి చుట్టూ తిరిగేవాళ్లకు రెసిన్, వానాకాలంలో కొండల్లో తిరిగేవాళ్లకు మెటల్. రోటర్ ఒప్పుకుంటేనే సుమా.

బ్రేకు ఖరారు చేసే ముందు ఆ మోడల్ ప్యాడ్ ఆకారం పేరు రాసుకుని, అది మన దేశంలో కనీసం మూడు నాలుగు చోట్ల అమ్మకానికి ఉందో లేదో వెతకండి. ఎక్కడా కనబడకపోతే ఆ బ్రేకు ఎంత మంచిదైనా వదిలేయండి. షిమానో ప్యాడ్లలో పదార్థం 0.5 మి.మీ.కి వస్తే మార్చాలి. శ్రామ్ వాటికి వెనక రేకుతో కలిపి 3 మి.మీ. హద్దు. అంతకు మించి వాడితే రేకే రోటర్‌ను గీస్తుంది, పిస్టన్ మరీ బయటికి వచ్చి సీల్ దాటే ప్రమాదం కూడా ఉంది.

కుడి చేతికి ముందు బ్రేకు

మన దేశంలో సైకిళ్లకు ముందు బ్రేకు లివర్ కుడి చేతి వైపు ఉంటుంది, మోటారు సైకిల్‌కూ అంతే. అమెరికా, యూరప్ ఖండం మీది దేశాల్లో ఎడమ చేతికి ముందు బ్రేకు. ఆన్‌లైన్‌లో దొరికే సెట్లు చాలావరకు ఆ లెక్కనే ఆయిల్ నింపి వస్తాయి: ఎడమ లివర్‌కు దాదాపు మీటరు పొట్టి హోస్ (ఆయిల్ గొట్టం), కుడి లివర్‌కు దాదాపు 1.7 మీటర్ల పొడవు హోస్. షిమానో లివర్లు కుడి ఎడమలకు వేరువేరు కాబట్టి అటూ ఇటూ మార్చి బిగించలేరు. ఆర్డర్ పెట్టేటప్పుడే "రైట్ ఫ్రంట్, లెఫ్ట్ రియర్" అని ఉందో లేదో చూడండి.

లేకపోతే లివర్ల దగ్గర హోస్‌లు విప్పి ఇచ్చిపుచ్చుకోవాలి. దానికి ప్రతి హోస్‌కూ కొత్త ఆలివ్ (హోస్ చుట్టూ నొక్కుకునే చిన్న రింగు), కొత్త ఇన్సర్ట్ (హోస్ కొనలోకి దూర్చే చిన్న గొట్టం) కావాలి. ఇవి ఒక్కసారి నొక్కుకున్నాక మళ్లీ పనికిరావు, పాతవే వాడితే అక్కడే కారుతుంది. షిమానోలో బీహెచ్59, బీహెచ్90 అని రెండు రకాల హోస్‌లు ఉన్నాయి, ఒకదాని ఇన్సర్ట్ రెండోదానికి సరిపోదు. తర్వాత రెండు వైపులా బ్లీడింగ్ చేయాలి, అంటే లోపలి గాలిని బయటికి పంపి ఆయిల్ నింపాలి. పని ఉన్నా చేయించండి. రోజూ బైక్ నడిపే చెయ్యి గుంట కనబడగానే ఆలోచించకుండా అలవాటైన లివర్‌నే లాగుతుంది. అప్పుడు ఏ చక్రం ఆగుతుందన్నది ప్రాణం మీది విషయం.

ఎవరికి ఏది

బరువు 75 కిలోల లోపు, ఊరి బయటి మట్టిదారులు, చిన్న గుట్టలు: షిమానో ఎంటీ200 లాంటి రెండు పిస్టన్ల సాదా బ్రేకు చాలు. చూడ్డానికి ఏమంత ఉండదు, లివర్ పొడవుగా ఉంటుంది, సర్దుబాట్లు తక్కువ. కానీ ప్యాడ్లు ఎక్కడైనా దొరుకుతాయి, మొత్తం సెట్ మార్చినా భారం కాదు. టెక్ట్రో వారి మొదటి మెట్టు హైడ్రాలిక్‌లూ ఇదే కోవవి. ముందు 180, వెనక 160.

బరువు ఎక్కువైనా, ఘాట్‌లు, రాళ్ల దిగుళ్లు ఎక్కువైనా ముందు చక్రానికి నాలుగు పిస్టన్లు కావాలి. షిమానో ఎంటీ520, డియోర్ ఎం6120 ఈ మెట్టులో మంచి బేరాలు. ఎక్స్‌టీ ఎం8120 తేలిక, సర్దుబాట్లు ఎక్కువ. ఆపే బలంలో ధర తేడా అంత తేడా ఉండదు. మిగిలే డబ్బు పెట్టి 203 రోటర్, అదనపు ప్యాడ్ల జత కొనుక్కోవడం మేలు. వెనక రెండు పిస్టన్లే ఉన్నా ఫర్వాలేదు, లివర్లు ఒకే కుటుంబంవి అయితే చాలు.

షాపులో, లేదా పాతది కొనేటప్పుడు

లివర్‌ను గట్టిగా నొక్కి అలాగే 30 సెకన్లు పట్టుకోండి. మెల్లగా హ్యాండిల్ వైపు జారుతుంటే లోపల సీల్ పోయింది లేదా ఎక్కడో కారుతోంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు. స్పాంజిలా ఉండి, నాలుగైదుసార్లు గబగబా నొక్కితే గట్టిపడితే గాలి పట్టింది, అది బ్లీడింగ్‌తో పోతుంది. లివర్ వదిలితే టక్కున వెనక్కు రావాలి. 2010ల మధ్యలో వచ్చిన కొన్ని డాట్ లివర్లలో ప్లాస్టిక్ పిస్టన్ వేడికి ఉబ్బి ఇరుక్కునేది, ఎండలో నిలబెట్టిన కారులో పెట్టినా చాలు లివర్ వెనక్కు రాదు. పాత డాట్ బ్రేకు కొంటే ఎండలో గంట ఉంచి మళ్లీ నొక్కి చూడండి.

చక్రం తీసి, ప్యాడ్లు తీసి, పిస్టన్ల చుట్టూ తెల్ల టిష్యూతో తుడవండి. తడి కనబడితే క్యాలిపర్ కారుతోంది. షిమానోలో పిస్టన్లు పింగాణీవి కొన్ని ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో నెట్టి అంచు విరగ్గొట్టి ఉంటారు, టార్చి వేసి చూడండి. బ్లీడ్ స్క్రూల తలలు గుండ్రంగా అరిగి ఉంటే తెలియని చేతులు పడ్డాయని గుర్తు.

బిగించడం, ప్యాడ్లను రోటర్‌కు అలవాటు చేయడం

రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, కొత్త గుడ్డతో తుడవండి. ఆ తర్వాత రోటర్ మీద వేలు పెట్టకండి, చర్మం మీది జిడ్డు చాలు. సిక్స్ బోల్ట్ రోటర్ బోల్టులకు టీ25 (నక్షత్రం ఆకారపు) కీ కావాలి, ఒకదానికి ఎదురుగా ఉన్నది ఒకటి చొప్పున కొద్దికొద్దిగా బిగించాలి. షిమానో 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు చెబుతుంది, శ్రామ్ 6.2. సెంటర్ లాక్ రింగుకు 40.

క్యాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, చక్రం తిప్పి, లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని, ఆ పట్టులోనే బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి పావు మర చొప్పున బిగించండి. చివరి బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. వెనకనుంచి తెల్ల కాగితం పెట్టి చూస్తే రోటర్‌కు రెండు పక్కలా వెలుగు గీత కనబడాలి.

కొత్త ప్యాడ్లు మొదటి రోజు పట్టవు, అది లోపం కాదు. ప్యాడ్ పదార్థం సన్నటి పొరగా రోటర్ మీదికి ఎక్కాలి. బండ్లు లేని చదును రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో వెళ్లి, నడక వేగానికి వచ్చేదాకా ఒక్క బ్రేకే సాఫీగా వేసి వదలండి. ఇలా 20 సార్లు. తర్వాత ఇంకొంచెం వేగంగా 10 సార్లు. చక్రం లాక్ చేయకూడదు, పూర్తిగా ఆగిపోకూడదు. ఆగితే ప్యాడ్ ఉన్న చోట మచ్చలా అంటుకుని తర్వాత బ్రేకు వణుకుతుంది. రెండు చక్రాలకూ విడివిడిగా చేయండి. ఈ పని ఎగ్గొట్టి నేరుగా ఘాట్‌కు వెళ్తే ప్యాడ్లు నున్నబడి, జీవితమంతా కూస్తూనే ఉంటాయి.

ఏది ఎందుకు చెడుతుంది

చాలా బ్రేకులు పాడయ్యేది చైన్‌కు కొట్టే స్ప్రే వల్ల. గొలుసుకు స్ప్రే కొడితే తుంపర వెనక రోటర్ మీద పడుతుంది. తర్వాత బ్రేకు పెద్దగా అరుస్తుంది, పట్టదు. రోటర్‌ను ఆల్కహాల్‌తో కడగొచ్చు. ప్యాడ్ నూనె పీల్చేసుకుంటే మాత్రం మార్చడమే. స్టవ్ మీద కాల్చడం, గరుకు కాగితంతో రుద్దడం చేస్తే రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు మొదటికొస్తుంది. గొలుసుకు చుక్కల సీసా వాడండి. రోటర్ మీద డబ్ల్యూడీ-40 అసలే వద్దు.

పంక్చర్ వేయడానికి సైకిల్‌ను తలకిందులు చేయడం మన అలవాటు. లివర్ రిజర్వాయర్‌లో కొంచెం గాలి ఉంటే అది హోస్‌లోకి ఎక్కుతుంది. సైకిల్ నిలబెట్టాక కదలకముందే రెండు లివర్లూ పదిసార్లు నొక్కి చూసుకోండి. మెత్తగా ఉంటే లివర్‌ను రబ్బరు బ్యాండ్‌తో నొక్కి కట్టి, హ్యాండిల్ ఎత్తుగా ఉండేలా రాత్రంతా ఉంచండి. చిన్న బుడగలు పైకెక్కుతాయి. తెల్లారినా అలాగే ఉంటే బ్లీడింగ్ చేయాలి.

చక్రం తీసినప్పుడు లివర్ నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, తర్వాత రోటర్ దూరదు. ప్యాడ్లు తీసి, పిస్టన్లను ప్లాస్టిక్ టైర్ లివర్‌తో నెమ్మదిగా వెనక్కు నెట్టండి. రవాణాలో ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ స్పేసర్ ఉంచండి. కొత్త బ్రేకుతో వచ్చిన దాన్ని పారేయకండి.

ఒక పక్క పిస్టన్ మాత్రమే కదులుతూ రోటర్‌ను వంచుతుంటే, మట్టి చేరి రెండో పిస్టన్ మొరాయించినట్టు. ప్యాడ్లు తీసి, మెల్లగా ఒక్కసారి నొక్కి పిస్టన్ కొంచెం బయటికి తెచ్చి, ఆల్కహాల్ తడిపిన కాటన్ బడ్‌తో అంచులు తుడిచి, ఆ బ్రేకుకు వాడే ఆయిలే ఒక చుక్క రాసి లోపలికి నెట్టండి. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే సమానంగా కదులుతాయి. రాసిన ఆయిల్ పూర్తిగా తుడిచాకే ప్యాడ్లు పెట్టండి. పిస్టన్ వెనక్కు వచ్చేది స్ప్రింగు వల్ల అనుకుంటారు. చదరపు అంచుల సీల్ నొక్కినప్పుడు మెలితిరిగి, వదిలినప్పుడు మళ్లీ నిటారవుతూ పిస్టన్‌ను వెనక్కు లాగుతుంది. సీల్ ఎండిపోతే ఆ లాగుడు ఉండదు.

దిగుతుండగా లివర్ క్రమంగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే లోపల ఆయిలో, అందులోని నీళ్లో మరుగుతున్నాయి, లేదా అందులోని గాలి వేడికి ఉబ్బుతోంది. లివర్ గట్టిగానే ఉండి సైకిల్ ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కాయి. రెండింటికీ అప్పటికప్పుడు చేయాల్సింది ఒక్కటే: పక్కకు ఆపి పది నిమిషాలు చల్లారనివ్వడం. రోటర్‌ను ముట్టుకోకండి, నీళ్లు పోయకండి, వంగిపోతుంది. మిగతా దారి దిగేటప్పుడు బ్రేకును నిరంతరం సన్నగా పట్టుకోకుండా, మలుపు ముందు గట్టిగా వేసి పూర్తిగా వదిలేస్తూ వెళ్లండి, వదిలిన సమయంలోనే రోటర్ చల్లారుతుంది. ఇంటికొచ్చాక మొదటి రకానికి పూర్తి బ్లీడింగ్, రెండో రకానికి మెటల్ ప్యాడ్లు లేదా పెద్ద రోటర్.

దూరం వెళ్తే సంచిలో ఒక జత ప్యాడ్లు, వాటి పిన్ను, టీ25 కీ, 5 మి.మీ. ఎలెన్ కీ, స్పేసర్ పెట్టుకోండి. అన్నీ కలిపినా అరచేతిలో పడతాయి.